మందుగుండు, తూటా: మన్యం కథనాల్లో తుపాకి ఉనికి

వ్యాససంగ్రహం: మన్యం తిరుగుబాటును (1922–24) చిత్రించిన తెలుగు కథనాల్లో విల్లంబులకు దక్కిన స్థానం తుపాకికి దక్కలేదు. దక్కినచోట కూడా అది ‘తుపాకి’ అనే ఒక్క మాటగానే మిగిలింది. అది ఏ రకం తుపాకి, దానిలో మందు ఎవరు పోశారు, తూటా ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నలను రచయితలూ వేసుకోలేదు, విమర్శకులూ వేసుకోలేదు. ‘మందుగుండు’, ‘తూటా’ అనే రెండు మాటల మధ్య ఉన్న భేదాన్ని ఆధారం చేసుకొని, ఆ ప్రశ్నలు పాఠాన్ని చదివే తీరును ఎలా మారుస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చివరి భాగంలో ఇదే దృష్టితో తెలుగు వేటకథను స్థూలంగా చూస్తుంది.

కీలకపదాలు: మన్యం తిరుగుబాటు, అల్లూరి సీతారామరాజు, నాటు తుపాకి, తూటా, వేటకథ, ఆదివాసీ చిత్రణ.

1. ఉపోద్ఘాతం

చోడవరంలో పాఠం చెప్పేవారికి ఒక సౌలభ్యం ఉంది. తరగతిలో సగంమంది మైదానపు పిల్లలైతే, కొందరు మాడుగుల దాటి పాడేరు ఘాటీ మీదినుంచి దిగివచ్చినవారు. (రంపచోడవరం వేరు, మన చోడవరం వేరు అని ప్రతి ఏడూ కొత్త విద్యార్థులకు చెప్పవలసి వస్తుంది. పరిశోధన పత్రాల్లోనూ ఈ రెండింటినీ కలిపివేసినవి నేను చూశాను.) సీతారామరాజు రూపాన్ని నాలుగు వాక్యాల్లో వర్ణించమని ఒకసారి అడిగితే, దాదాపు అందరూ కాషాయం, గడ్డం, విల్లు, అంబులపొది అని రాశారు. తుపాకి రాసినవారు ఇద్దరే. ఆ ఇద్దరూ ఘాటీ మీదివారే. ఇది సర్వే కాదు, దీన్నుంచి నేను ఏ సిద్ధాంతమూ తీయబోవడం లేదు. అయితే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న అక్కడే పుట్టింది. తుపాకులకోసమే పోలీసు ఠాణాల మీద పడి చరిత్రకెక్కిన తిరుగుబాటుకు మన ఊహలో తుపాకి ఎందుకు లేకుండా పోయింది?

విల్లు అబద్ధం కాదని ముందే ఒప్పుకోవాలి. మన్యంలో విల్లు నిత్యవ్యవహారంలోని ఆయుధం, రాజు అనుచరుల్లో విల్లంబులు పట్టినవారు ఉన్నారు. పేరులోనే రాముడున్న నాయకుడి చేతికి కోదండం అమరడమూ సహజమే. అభ్యంతరం విల్లు ఉండడం మీద కాదు. విల్లు మాత్రమే మిగలడంవల్ల ఏమి పోయిందన్నదే ఇక్కడ ప్రశ్న.

2. మందు, గుండు, తూటా

‘తుపాకి’ టర్కీ–పారశీక మూలం నుంచి వచ్చి తెలుగులో ఎంతోకాలం క్రితమే స్థిరపడిన పదం. దానితో వచ్చిన క్రియలు మాత్రం అచ్చంగా మనవే. తుపాకిని దట్టిస్తారు, మందు కూరుతారు, గురి చూస్తారు, పేలుస్తారు. ఈ నాలుగు క్రియల్లో మొదటి రెండూ గొట్టం మూతినుంచి మందు పోసుకొనే తుపాకికే చెందుతాయి. నల్లమందును కొలిచి పోయాలి, దానిమీద గుడ్డపీలికో పీచో పెట్టి కడ్డీతో అదమాలి, సీసపు గుండునో రవ్వనో వదలాలి, అది జారకుండా మళ్ళీ పీలిక పెట్టాలి. మందు ఎక్కువైతే గొట్టం పగులుతుంది, తక్కువైతే గుండు జంతువును గాయపరచి వదిలేస్తుంది. వాననీరు తగిలితే అసలు అంటుకోదు. ఇదంతా చేతి లెక్క. ఏ రెండు నాటు తుపాకులూ ఒకేలా ఉండవు కనుక ఒకరి కొలత మరొకరికి పనికిరాదు.

‘మందుగుండు’ అనే ద్వంద్వసమాసం ఈ పరిస్థితికి అద్దం. మందు వేరు, గుండు వేరు, వాటిని కలిపేది మనిషి చెయ్యి. మందుకు కావలసిన బొగ్గు అడవిలోనే దొరుకుతుంది. సురేకారం, గంధకం సంతకు చేరేవి. సీసం కరిగించి గుండు పోసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. (‘మందు’ అనే ఒక్క మాటను ఔషధానికీ, సారాకూ, ఎరువుకూ, తుపాకికీ సరిపెట్టుకున్న భాష మనది. నాలుగింటికీ కొలతే ప్రాణం కావడం కాకతాళీయం కాదేమో.)

హిందుస్తానీ వైపునుంచి వచ్చిన ‘తూటా’ స్వభావం వేరు. ఇత్తడి గొట్టంలో మందు, కొసన గుండు, అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత, ఈ మూడూ కర్మాగారంలోనే ఒకటైపోయిన వస్తువు అది. ఇక్కడ దట్టించడమనే క్రియ ఉండదు, పెట్టడమే ఉంటుంది. అదమడం, కొలవడం, తడవకుండా చూసుకోవడం అన్నీ ఎక్కడో దూరాన, మరెవరో చేసిపెట్టిన పనులు. తూటా తుపాకి వేగంగా పేలుతుంది, వానలోనూ పేలుతుంది, కాని తూటా అయిపోయిన మరుక్షణం ఇనుపకర్ర అవుతుంది. నాటు తుపాకి నెమ్మది, నమ్మకం తక్కువ, అయినా దాని ఆకలి అడవీ సంతా కలిసి తీర్చగలిగినది.

నేటి వాడుకలో ‘తూటా’ అంటే ఎగిరివెళ్ళి తగిలే సీసపు ముక్క మాత్రమే. ‘గుండెలో తూటా దిగింది’ అని కథకులు నిస్సంకోచంగా రాస్తారు. ఇత్తడి తొడుగు కాల్చినవాడి కాళ్ళదగ్గరే పడి ఉంటుంది కనుక ఇది వస్తుతః తప్పు, కాని వాడుక స్థిరపడింది కాబట్టి దిద్దవలసిన పని లేదు. గమనించవలసింది ఒక్కటే. ఈ అర్థసంకోచంలో ఇత్తడీ, మందూ, కర్మాగారమూ మాట నుంచి జారిపోయాయి, తగిలే ముక్క ఒక్కటే మిగిలింది. కథనాల్లోనూ జరిగింది ఇదే.

3. దొరల వేటతుపాకి కొలత వెనక

ఈ రెండు రకాల తుపాకుల మధ్య గీత ఎంత రాజకీయమైనదో తెలియాలంటే ఒక చిన్న చరిత్ర చెప్పుకోవాలి. తెలుగు విమర్శలో దీని ప్రస్తావన నాకు కనబడలేదు.

1871లో బ్రిటిష్ సైన్యంలో ప్రవేశించిన మార్టినీ–హెన్రీ రైఫిల్ తూటాను పాయింట్ 577/450 అంటారు. దాని సీసపు గుండు బరువు 480 గ్రైన్లు, అంటే సుమారు 31 గ్రాములు. సైన్యం తర్వాత చిన్న గుండు, పొగరాని మందు ఉన్న పాయింట్ 303కు మారినా, పాత మార్టినీలు సామ్రాజ్యపు సరిహద్దుల్లో చేతులు మారుతూ మిగిలాయి. మరోవైపు 1898లో లండన్ తుపాకి నిర్మాత జాన్ రిగ్బీ ఏనుగు, పులి, అడవిదున్నల వేటకోసం పాయింట్ 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే భారీ తూటాను తయారుచేశాడు. దాని గుండు బరువు కూడా 480 గ్రైన్లే. దొర కాల్చే వేటగుండును పీకి తిరుగుబాటుదారు తన పాత మార్టినీ తొడుగులో కూర్చుకోవచ్చు. ఖాళీ ఇత్తడి తొడుగును పారవేయకుండా మళ్ళీ మందు పోసి, గుండు పెట్టి వాడుకొనే నేర్పు సరిహద్దు తెగలకు బాగా తెలుసు. ప్రభుత్వం భయపడింది. 1907లో భారతదేశంలోకీ సూడాన్‌లోకీ పాయింట్ 450 కొలత తూటాల దిగుమతిని నిషేధించింది. లండన్ నిర్మాతలు ఆ నిషేధాన్ని తప్పుకోవడానికి కొలతను కొద్దిగా పెంచి పాయింట్ 465, పాయింట్ 470 వంటి కొత్త తూటాలు పుట్టించారు. నేటికీ పెద్దవేట రైఫిళ్ళ ప్రపంచంలో రాజసంగా చలామణీ అవుతున్న పాయింట్ 470 పుట్టుకకు కారణం ఏనుగు కాదు, చేతితో తూటా కూర్చుకోగల నల్లవాడి మీది భయం.

దీన్ని 1878 ఆయుధచట్టంతో కలిపి చదవాలి. ఆయుధానికి లైసెన్సు తప్పనిసరి చేసిన ఆ చట్టం ఐరోపీయులకు విస్తృతమైన మినహాయింపులు ఇచ్చింది. 1857 తర్వాత దేశీయ పోలీసుల చేతికి ఇచ్చిన తుపాకుల్లో కూడా అపనమ్మకమే కనిపిస్తుంది. గొట్టం లోపల మెలికగీతలు లేని మస్కెట్లు వారికి సరిపోతాయనుకున్నారు. మెలికగీతలు లేని గొట్టం నుంచి వెళ్ళిన గుండు తిరగదు, తిరగని గుండు దూరాన గురి నిలుపుకోలేదు. అంటే పోలీసు తిరగబడినా, పోలీసు తుపాకి తిరుగుబాటుదారు చేతికి చిక్కినా అది దూరం కొట్టకుండా ముందుచూపుతో చేసిన ఏర్పాటు.

4. ఠాణా డైరీలో జాబితా

ఇప్పుడు మన్యానికి వద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు జరిగాయి. మూడు దాడుల్లో చిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తీసుకువెళ్ళిన వస్తువుల వివరాలను రాజు ఠాణా డైరీలోనే రాసి సంతకం చేశాడన్నది ప్రసిద్ధం. మన కథనాలన్నీ ఈ సంతకాన్ని ధైర్యానికి, నిజాయితీకి గుర్తుగా చూపాయి. అది సరైన పఠనమే, కాని అసంపూర్ణం. ఆ రాతను ఒక రచనగా తీసుకుంటే, అది ప్రతిజ్ఞ కాదు, ప్రబోధం కాదు, జాబితా. తిరుగుబాటు తన తొలి రాతలో వస్తువులను లెక్కపెట్టింది. సరుకు విలువ తెలిసినవాడి రాత అది.

లెక్క మనమూ వేద్దాం. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి సుమారు 96 వస్తాయి. ఆ ఆగస్టు నుంచి రాజు మరణించిన 1924 మే 7 వరకు ఇరవై నెలలు దాటాయి. తొలి నిల్వ ఒక్కటే ఆధారమైతే తుపాకికి నెలకు అయిదు తూటాలు కూడా రావు. ఇది నా కూడికే, పోరాటం సరిగ్గా ఇలాగే నడిచిందని అనడం లేదు. అయితే ఈ అంకెను పక్కన పెట్టుకొని సెప్టెంబరు 24 నాటి దామనపల్లి ఘట్టాన్ని చదివితే అది మరోలా కనబడుతుంది. కనుమదారిలో పొంచి, ముందు నడిచేవారిని పోనిచ్చి, ఇద్దరు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లనే గురిచూసి కొట్టడాన్ని మన రచనలు దేశీయుల ప్రాణం తీయరాదన్న నాయకుడి దయగా చెప్పాయి. దయ ఉంది. దానితోపాటు పొదుపూ ఉంది. దగ్గరికి రానిచ్చి కాల్చడం, ఎవరిమీద కాల్చాలో ముందే నిర్ణయించుకోవడం వేటగాడి అలవాట్లు. ఒక్కసారి దట్టిస్తే ఒక్కసారే పేలే తుపాకితో పెరిగినవాడికి రెండో అవకాశం ఉండదని తెలుసు. తూటా తుపాకి చేతికొచ్చినా మన్యం మనిషి దాన్ని నాటు తుపాకి క్రమశిక్షణతోనే వాడాడని నా ప్రతిపాదన.

ప్రభుత్వమూ ఇదే లెక్క వేసింది. మిగిలిన ఠాణాల నుంచి తుపాకులను, తూటాలను తరలించింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాల్లో అడుగుపెట్టినప్పుడు అక్కడ ఆయుధాలు లేవు. ముందుగా కబురు పంపి మరీ చేసిన ఆ దాడులు వీరగాథకు మంచి ఘట్టాలు. పోరాటపు లెక్కలో మాత్రం అవి నష్టాలు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద ఎదురుదెబ్బ తగిలింది. విజయపరంపర తర్వాత వచ్చిన ఈ మలుపును మన కథనాలు ద్రోహంతోనో విధితోనో వివరిస్తాయి. తూటా తెలిసినవాడు సరఫరాతో వివరిస్తాడు. బొగ్గు, సురేకారం, సీసం సమకూర్చుకోగలిగినా, తూటా అడుగున ఉండే నిప్పుమూతను అడవిలో చేయడం సాధ్యం కాదు. తుపాకులు గెలుచుకున్నప్పుడు వాటితోపాటు శత్రువు కర్మాగారం మీద ఆధారపడడం కూడా తెచ్చుకున్నారు.

ఇక్కడే విల్లు బొమ్మ చేసే నష్టం స్పష్టమవుతుంది. విల్లంబులతో తుపాకులను ఎదిరించారంటే ఓటమి ముందే రాసిపెట్టినట్టు అవుతుంది. పాఠకుడు జాలిపడతాడు, ప్రశ్నించడు. ఆదివాసి ఆదిమకాలపు మనిషిగా, సాంకేతికతకు అవతల నిలబడినవాడిగా స్థిరపడతాడు. గాం గంటందొర, గాం మల్లుదొర, ఎండు పడాలు వంటివారు నాయకుడి నీడలో విల్లుపట్టిన ఆకారాలుగా మిగిలిపోతారు. వీరిలో మల్లుదొర జైలుశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. ఆయనను విల్లంబుల కాలంలో ఆపేసే హక్కు మనకు లేదు.

5. లోడ్, ఎయిమ్, షూట్

తెలుగు కథనాల్లో తూటాను వస్తువుగా పట్టించుకున్నది, నేను చూసినంతలో, ఒక్క ‘ఆర్ఆర్ఆర్’ (2022) చిత్రమే. ప్రారంభంలోనే స్కాట్ దొర తన సైనికుడిని ఆపి, ఇంగ్లండులో తయారై సముద్రాలు దాటి వచ్చిన తూటా ఖరీదును ఏకరువు పెట్టి, గోండు తల్లిమీద దాన్ని వృథా చేయవద్దంటాడు. ఒక్క తూటాకు పౌండు ధర అతిశయోక్తి. అతిశయోక్తి అయినా ఆ మాట తూటాలోని దూరాన్నీ, కర్మాగారాన్నీ, సామ్రాజ్యాన్నీ బయటపెట్టింది. మనం పైన చెప్పుకొన్న అర్థసంకోచాన్ని ఆ సంభాషణ క్షణంపాటు తిప్పికొట్టింది. చివరికి ఆ దొర తూటాకే బలికావడంతో ఆ సూత్రం ముడిపడుతుంది. వాణిజ్యచిత్రమని ఈ నిర్మాణాన్ని తీసిపారేయడం విమర్శ కాదు.

అయితే చిత్రం తన ప్రశ్నను తానే వదిలేసింది. ఊరివారందరి చేతికీ తుపాకి అందించడమే రామరాజు లక్ష్యం. తండ్రి నేర్పిన మూడు ఆజ్ఞలు లోడ్, ఎయిమ్, షూట్. తండ్రి ఒంటిమీది పేలుడు పదార్థాలకు గురిపెట్టి కొడుకు కాల్చే ఘట్టానికి ఆ మూడే ఆధారం. కాని ‘లోడ్’ అన్న ఒక్క మాటలో తూటా చరిత్ర అంతా మింగబడింది. తుపాకులు ఊరికి చేరాక తూటాలు ఎక్కడివన్న ప్రశ్న, మొదటి దృశ్యంలో దొర అంత గట్టిగా వేసిన ప్రశ్న, మళ్ళీ వినిపించదు. ఇంకా విచిత్రం, తుపాకికోసమే జీవితం ధారపోసిన నాయకుడు పతాకఘట్టంలో కాషాయం కట్టి విల్లు ఎత్తుతాడు. ఆ క్షణాన థియేటరులో చప్పట్లు మోగుతాయి, నేనూ కొట్టాను. ఇంటికొచ్చాకగాని తెలియలేదు, రెండున్నర గంటలు తుపాకి గురించి మాట్లాడిన కథ చివరికి మా తరగతిలో పిల్లలు గీసిన బొమ్మ దగ్గరికే చేరిందని.

6. వేటకథ వైపు

నాటు తుపాకి నేర్పు వేటది కనుక, దాని జాడ వేటసాహిత్యంలో దొరకాలి. ఇంగ్లీషు షికారు రచనలో తుపాకి కొలత దాదాపు ఒక పాత్ర. తిరుపతి సమీపంలోని మామండూరు అడవుల గురించి రాసిన కెనెత్ ఆండర్సన్ చేతిలోని పాయింట్ 405 వించెస్టర్‌ను ఆయన పాఠకుడు మరచిపోలేడు. ఆ రచనల్లో దొర రైఫిల్‌కు పేరూ అంకే ఉంటాయి. వెంట నడిచే స్థానికుడి నాటు తుపాకి చాలాసార్లు దొంగవేటకు గుర్తుగానే కనిపిస్తుంది.

తెలుగులో ఈ రంగానికి పెద్దదిక్కు అల్లం శేషగిరిరావు. విశాఖపట్నంలో స్థిరపడి, స్వయంగా వేట తెలిసి, ‘మంచిముత్యాలు’, ‘అరణ్యఘోష’ సంపుటాలతో ఉత్తరాంధ్ర, ఒడిశా అడవులను కథలోకి తెచ్చినవాడు. ‘చీకటి’ కథలో బాతులకోసం తెల్లవారుజామున కాపుకాసిన ఇద్దరు మనుషుల మధ్య ఉన్న అంతస్తుల దూరాన్ని విమర్శకులు బాగానే వివరించారు. ఆ దూరాన్ని తుపాకి వైపునుంచి కూడా చూడవచ్చు. కాపుకాయడమంటే దట్టించిన తుపాకితో కదలకుండా ఉండడం. ఆ నిశ్చలతను ఇద్దరూ సమానంగా భరిస్తారు, పేల్చే హక్కు మాత్రం సమానం కాదు. ‘పులిచెరువులో పిట్టల వేట’ అన్న శీర్షికనే తీసుకోండి. పిట్టలకు వేసే సన్నరవ్వ పులికి పనికిరాదు, పులికి వేసే గుండు పిట్టకు దండగ. ఏది ఎదురవుతుందో తెలియకముందే ఏమి దట్టించాలో నిర్ణయించుకోవాలి. ఆ శీర్షికలోని వ్యంగ్యం తుపాకి తెలిసిన చెవికి మరింత పదునుగా వినిపిస్తుంది.

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో ముసలివాడు అడవిలోకి ఈటెతో వెళ్తాడు. చేతికీ ఆయుధానికీ నడుమ మరెవరి కర్మాగారమూ లేదు. ఆ నవల సాధించిన గాంభీర్యంలో దీని పాత్ర కాదనలేనిది. కాని విల్లుకూ ఈటెకూ మనం ఇచ్చిన ఈ గౌరవం నాటు తుపాకికి ఎందుకు ఇవ్వలేదో ఆలోచించాలి. అదీ చేతిపనే. 1959 ఆయుధచట్టం కూడా పంటకాపుకోసం మూతినుంచి మందుపోసే తుపాకికి లైసెన్సులో ప్రత్యేకమైన చోటు ఇచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైంది, అది కావలసిందే. ఆ తర్వాత నాటు తుపాకి మన భాషలో ఒకే ఒక్క వాక్యంలో బతుకుతోంది: పత్రికలో ‘నాటు తుపాకులు స్వాధీనం’.

ఘాటీ మీదినుంచి వచ్చిన ఆ ఇద్దరిలో ఒకబ్బాయిని, తుపాకి అని ఎందుకు రాశావని తర్వాత అడిగాను. వాళ్ళ తాత మందు పోసుకొనే దున్నకొమ్ము ఇంటి దూలానికి ఇంకా వేలాడుతోందని, తాత మందు కొలిచింది గిన్నెతో కాదు అరచేతి గుంటతో అని చెప్పాడు. ఆ కొలతకు మీ భాషలో పేరేమిటన్నాను. ఉందని, ఇంటికి వెళ్ళి అమ్మమ్మను అడిగి వస్తానని అన్నాడు. దసరా సెలవులు ఇంకా పూర్తి కాలేదు.